పట్టీ కట్టని చెయ్యి

"సంతకం పెట్టు," అంది ఆడపడుచు మూడోసారి.

ఆ ఇంటి కోడలైన నర్సు పెన్ను అందుకోలేదు. బల్ల మీద కాగితం ఉంది, కాగితం మీద పెన్ను ఉంది, పెన్ను మీద ఆడపడుచు చూపు ఉంది. నాలుగు రోజులుగా ఆ ఇంట్లో అందరి ప్రాణాలూ ఆసుపత్రి మంచం చుట్టూ తిరుగుతున్నాయి. ఇవాళ ఆదివారం పొద్దున్న పదింటికి అవన్నీ ఈ కాగితం దగ్గరికి వచ్చి ఆగాయి.

కాగితం రాసింది ఆడపడుచే. ఆవిడ బళ్ళో లెక్కల టీచరు. అక్షరాలు బారులు తీరి నిలబడ్డ పిల్లల్లా ఉంటాయి, ఒక్కటీ వరస తప్పదు.

"మళ్ళీ చదువుతాను, విను," అంది. "మా నాన్నగారు, వయసు అరవై ఎనిమిది, దర్జీ. సోమవారం తలనొప్పీ, కళ్ళు తిరగడంతో మా పేట ఆరోగ్య కేంద్రానికి వెళ్ళారు. అక్కడి డాక్టరు బీపీ చూడకుండానే నొప్పి మాత్రలిచ్చి పంపేశాడు. గురువారం పొద్దున కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి, మాట పోయింది. పదకొండు నెలలుగా ప్రతినెలా నర్సు చూసిన బీపీ మామూలుగానే ఉంది. అంటే సోమవారమే పెరిగింది. ఆ రోజు చూసి ఉంటే ఇంత జరిగేది కాదు. సదరు డాక్టరు మీద చర్య తీసుకోగలరు." కాగితం దించి తమ్ముడి వైపు చూసింది. "తప్పేమన్నా ఉందేమిట్రా?"

"ఏం లేదు," అన్నాడు నర్సు భర్త. "నిజమేగా అంతా."

అతను బస్సు డిపోలో మెకానిక్కు. నాలుగు రోజులుగా గడ్డం గీసుకోలేదు, డ్యూటీకి వెళ్ళలేదు. గోడకి చేరగిలబడి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

కాగితం అడుగున ఆడపడుచు స్కేలు పెట్టి గీత గీసింది. గీత కింద 'పరీక్షించిన నర్సు' అని రాసింది. ఖాళీగా ఉన్నది ఆ గీత ఒక్కటే.

"డాక్టరు గారు ఆ రోజు..." నర్సు గొంతు సవరించుకుంది. "ఆ రోజు బయట డెబ్భై మంది ఉన్నారు వదినా. ఆయన ఒక్కరే. మామయ్యగారి బీపీ కార్డు చూశారు. అన్ని నెలలూ బాగానే ఉందని..."

"కార్డు చూస్తే సరా? మనిషి చెయ్యి చూడొద్దూ?"

నర్సు కాగితం అడుగున ఉన్న ఖాళీ గీత వంక చూసింది.

"ఎవరి వైపమ్మా నువ్వు?" ఆడపడుచు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మా నాన్న ముక్కులో గొట్టం పెట్టుకుని పడుకుని ఉంటే నువ్వు ఆ డాక్టర్ని వెనకేసుకొస్తున్నావు. ఉద్యోగం పోతుందని భయమా? ఆయన కింద పనిచేస్తున్నావని మొహమాటమా?"

"అక్కా, దానికి భయమేమిటి?" అన్నాడు భర్త. "నిన్న పెద్దాసుపత్రిలో ఏం జరిగిందో నీకు చెప్పలేదు కదూ."

నర్సు తల ఎత్తి అతన్ని చూసింది. చెప్పొద్దు అన్నట్టు చూసింది. అతను గమనించలేదు.

"అక్కడి డాక్టరు నాతో ఏమన్నాడో తెలుసా? ఇది నిన్నా మొన్నా వచ్చిన బీపీ కాదు, ఏళ్ళ నుంచి ఉన్నది, గుండె గోడలు మందమెక్కిపోయాయి అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. జేబులోంచి కార్డు తీసి మొహం మీద పెట్టాను. చూసుకోండి సార్, మా ఆవిడే నర్సు, పన్నెండేళ్ళ సర్వీసు, ప్రతినెలా ఇంట్లోనే చూస్తుంది, మీ మిషన్లు బాగున్నాయో లేదో ముందు అది చూసుకోండి అన్నాను. వార్డు వార్డంతా వింది."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు? కార్డు చూశాడు. దీన్ని చూశాడు. నోరు మూసుకుని వెళ్ళిపోయాడు."

వంటింట్లో గిన్నె చప్పుడైంది. అత్తగారు ఆసుపత్రికి పట్టుకెళ్ళడానికి జావ వడగడుతోంది. ఆవిడ పొద్దుటి నుంచీ ఈ గదిలోకి రాలేదు.

నర్సుకి నిన్నటి ఆ డాక్టరు చూపు గుర్తొచ్చింది. తిట్టినా బాగుండేది. ఆయనకి అంతా అర్థమైపోయింది, ఆమెకి అర్థమైందని కూడా అర్థమైంది. అక్కడ నిలబడ్డంతసేపూ ఆమె నేల మీద పలకలు లెక్కపెట్టింది.

*

ఈ ఇంట్లోకి ఆ కార్డు వచ్చి ఏడాది కావస్తోంది. యాభై దాటిన ప్రతివాళ్ళకీ నెలకోసారి ఇంటికెళ్ళి బీపీ చూడాలని, చూసింది కార్డులో రాసి ఇంట్లోనే మేకుకి తగిలించాలని ఆరోగ్య కేంద్రం వాళ్ళు మొదలుపెట్టారు. కార్డు వెనకవైపు ఉప్పు తగ్గించండి, రోజూ నడవండి, పొగ మానండి అని బొమ్మలతో సహా ఉంటుంది. నర్సుకి మూడు వందల నలభై కార్డులు పడ్డాయి. అందులో రెండు సొంతింటివి.

మొదటి నెల ఆమె బీపీ పట్టీ విప్పి మామగారి ముందు కూర్చుంది. ఆయన మిషను తొక్కడం ఆపి, మెడలో వేలాడే టేపు తీసి చూపించాడు.

"నలభై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ చేతులు కొలిచింది నేను," అన్నాడు. "నా చెయ్యి కోడలు కొలుస్తుందా? పో, పోయి నీ పేషెంట్లని కొలుచుకో."

నవ్వుతూనే అన్నాడు. ఆమె మళ్ళీ అడిగేసరికి నవ్వు పోయింది. మూడోసారి అడిగేసరికి కుడుతున్న చొక్కా విసిరికొట్టి లేచిపోయాడు, రెండు పూటలు అన్నం ముట్టలేదు. అత్తగారు వంటింట్లోంచి, "ఆయనకి ఇష్టం లేనిది ఎందుకమ్మా? ఇంట్లో మనశ్శాంతి లేకుండా," అంది. ఆవిడ చెయ్యి కూడా ముందుకు రాలేదు. "ఆయనకి లేనిది నాకెందుకు?" అంది.

ఆ నెల ఇరవై ఐదున సూపర్వైజరు మేడం కార్డుల లెక్క రాసే రిజిస్టరు చూస్తూ అందరి ముందూ అడిగింది. "ఊరందరికీ చెప్పే మనిషివి, నీ ఇంటి గళ్ళే ఖాళీగా ఉన్నాయేమిటమ్మా?" పక్క నర్సులు కిసుక్కున నవ్వారు.

ఆ సాయంత్రం నర్సు కార్డు తీసి 126/82 అని రాసింది. రెండో నెల 124/80. మూడో నెల 128/84. ప్రతినెలా ఒకే అంకె వేస్తే దొరికిపోతారని ఆ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. ఆమె ఒక్కో నెలా రెండో నాలుగో పెంచేది, రెండో నాలుగో తగ్గించేది, జాకెట్టు మీద బొత్తాలు కుట్టినంత శ్రద్ధగా.

రేపు చూద్దాం, రేపు ఎలాగైనా బతిమాలుదాం అనుకుంటూనే రాసింది. పదకొండు నెలలు గడిచాయి.

*

"సరే, కార్డు ఇలా ఇవ్వరా," అంది ఆడపడుచు. "ఊరికే మామూలుగా ఉంది అంటే కుదరదు. తేదీలతో సహా రాస్తాను. లెక్క లెక్కలా ఉండాలి."

భర్త జేబులోంచి కార్డు తీసి ఇచ్చాడు. నాలుగు రోజులు జేబులో ఉండి దాని మూలలు నలిగాయి.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, బళ్ళో హాజరు పిలిచినట్టు చదవడం మొదలుపెట్టింది. "మొదటి నెల ఇరవై ఐదు, నూట ఇరవై ఆరు. రెండో నెల పదమూడు, నూట ఇరవై నాలుగు. మూడో నెల..."

ఒక్కో అంకె చదువుతూ కాగితం మీద దించుతోంది. భర్త తల ఊపుతున్నాడు. నర్సు చేతులు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"ఏడో నెల పన్నెండు, నూట ఇరవై రెండు."

పెన్ను ఆగింది.

"పన్నెండా?" ఆవిడ కార్డు కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. "ఏడో నెల పన్నెండున నాన్న మా ఇంట్లో ఉన్నాడు. మా అమ్మాయి స్కూలు బట్టలు కుట్టడానికి ఐదో తారీఖున వచ్చాడు. ఇరవైన గానీ కదల్లేదు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"రైల్లో ఆరు గంటల దూరం మా ఊరు." ఆడపడుచు గొంతు మెల్లగా అయింది. బళ్ళో పిల్లలు అలాంటి గొంతుకే ఎక్కువ భయపడతారు. "నీ చెయ్యి అంత పొడుగా, అమ్మాయ్?"

"తేదీ తప్పు పడి ఉంటుందక్కా," అన్నాడు భర్త గోడ వదిలి ముందుకొచ్చి. "నెలకి మూడొందల నలభై కార్డులు రాస్తుంది. ఇరవై రెండు అనబోయి పన్నెండు వేసి ఉంటుంది. అంతేగా?"

నర్సు అతని వైపు చూసింది. అతని ముఖంలో అనుమానం చాయ కూడా లేదు. ఊఁ అంటే చాలు. ఒక్క ఊఁ. కార్డులో అబద్ధం తప్పు తేదీ కింద మాసిపోతుంది, సంతకం పడిపోతుంది, ఆరోగ్య కేంద్రంలోని ఆ కుర్ర డాక్టరు ఎక్కడికో కొట్టుకుపోతాడు. ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. ఆ ఊఁ ఆమె నాలిక చివర దాకా వచ్చింది కూడా.

"కాదు," అంది.

"ఏమిటి కాదు?"

"తేదీ తప్పు కాదు. నేను చూడలేదు. రాశాను."

"ఆ నెలా?"

"ఏ నెలా చూడలేదు. మామయ్యగారి చేతికి నేను ఒక్కసారి కూడా పట్టీ కట్టలేదు."

భర్త ఆమెని అర్థం కానట్టు కాసేపు చూశాడు, అర్థమయ్యాక ఇంకాసేపు చూశాడు.

"నిన్న నేను ఆ డాక్టరు ముందు కార్డు ఊపుతుంటే నువ్వు పక్కనే ఉన్నావు," అన్నాడు.

"ఉన్నాను."

"ఒక్క మాట అనలేదు."

"అనలేదు."

"నన్ను ఎంత వెర్రివాణ్ణి చేశావు!" అతని గొంతు పెరగలేదు, అందుకే ఆమెకి భయం వేసింది. "డిపోలో బ్రేకులు చూడకుండా చూశానని రాసేవాణ్ణి ఏం చేస్తారో తెలుసా నీకు? నేనే ఇద్దర్ని పట్టించి గేటు బయటికి పంపించాను. ఇంటికొచ్చి నీకు చెప్పాను కూడా. వింటూ కూర్చున్నావు."

అతను కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు.

ఆడపడుచు మాత్రం ఊరుకునేదానిలా లేదు. లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. "మా నాన్న సోమవారం ఆ కార్డు పట్టుకునే వెళ్ళాడు! మా కోడలు రాసిందని గర్వంగా చూపించి ఉంటాడు. చెయ్యి ఇవ్వకపోతేనేం, నీ రాతని నమ్మాడు. ఆ డాక్టరూ నమ్మాడు. నీ అంకెలే చంపాయి మా నాన్నని!"

"ఆయన బతికే ఉన్నారు వదినా."

"ఆ చేత్తో సూదిలో దారం ఎక్కించగలడా ఇంక? అది బతకడమా?"

నర్సు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడిస్తే ఇంకో మాట పడుతుందని మింగేసింది.

"ఫిర్యాదు మార్చి రాయండి," అంది. "నా పేరు పెట్టండి. సంతకం చేస్తాను. కానీ డాక్టరు గారి మీద పెట్టొద్దు."

"నీ సలహాలు ఊళ్ళో వాళ్ళకి చెప్పుకో!"

అప్పుడు వంటింటి గుమ్మంలోకి అత్తగారు వచ్చింది. చేతిలో జావ పోసిన క్యారేజీ ఉంది. ఆవిడ కూతుర్ని చూడలేదు, కొడుకుని చూడలేదు. కోడల్నే చూసింది.

"నువ్వు ఆయన చెయ్యి పట్టుకోవడం లేదని నాకు తెలుసు," అంది.

ఆడపడుచు గిర్రున తిరిగింది. "తెలుసా అమ్మా? తెలిసి నోరు మూసుకున్నావా?"

"నేను ఇంట్లోనే ఉంటాను కదే. ఎప్పుడూ కట్టలేదు. సాయంత్రం కూర్చుని రాసేది. నేనేమనుకున్నానంటే..." ఆవిడ క్యారేజీ రెండో చేతిలోకి మార్చుకుంది. "పన్నెండేళ్ళ నుంచి ఇదే పని చేస్తోంది కదా, మనిషిని చూస్తేనే తెలిసిపోతుందేమో అనుకున్నాను. ఆయన చీరని చూసి ఎన్ని గజాలో చెప్పెయ్యడూ? అలాగేమో అనుకున్నాను."

నెలనెలా పేట మహిళల మీటింగులో నర్సు చెప్పే మొదటి మాట దీని గురించే. మనిషిని చూసి బీపీ చెప్పగలిగేవాళ్ళు ఇంకా పుట్టలేదమ్మా, నాకూ తెలియదు, మీకూ తెలియదు, కొలిస్తేనే తెలుస్తుంది. పన్నెండేళ్ళుగా ఎన్ని వందలసార్లు చెప్పిందో. అత్తగారు ఆ మీటింగుకి ఒక్కసారీ రాలేదు. ఇంట్లో ఆమె ఒక్కసారీ చెప్పలేదు.

"అయితే ఊళ్ళో వాళ్ళవన్నీ ఇంతేనా?" ఆడపడుచు వదల్లేదు. "కింద వాటాలో ముసలాయనది? ఎదురింటావిడది? అన్నీ కూర్చుని సాయంత్రాలు రాసినవేనా?"

"కాదు!" నర్సుకి మొదటిసారి కోపం వచ్చింది. "ఆ మాట మాత్రం అనకండి. ఎండనక వాననక ఇంటింటికీ తిరిగి చూశాను. తలుపు తియ్యకపోతే మూడుసార్లు వెళ్ళాను. మూడు వందల నలభైలో రెండే, ఆ రెండే నేను..."

నోరు జారింది.

కిటికీ దగ్గర భర్త వెనక్కి తిరిగాడు. లెక్కల టీచరుకి లెక్క ముందే తేలిపోయింది.

"రెండా?" అంది.

గోడకి రెండు మేకులున్నాయి. ఒకటి ఖాళీగా ఉంది. రెండో దానికి అత్తగారి కార్డు వేలాడుతోంది. పదకొండు గళ్ళూ నిండుగా, నీలం సిరాతో ముచ్చటగా ఉన్నాయి.

*

"కూర్చోండి అత్తయ్యా. ఇప్పుడే చూస్తాను." నర్సు అప్పటికే సంచి తెరిచింది.

"ఇప్పుడా? ఇన్నాళ్ళూ లేని తీరిక ఇప్పుడొచ్చిందా? జావ చల్లారిపోతుంది."

"రెండు నిమిషాలు. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"కాళ్ళు వద్దు, చెయ్యి చాలుగా నీకు," అంది అత్తగారు. ఏమనుకుందో ఏమో, కూతురు పడేసిన కుర్చీ లేపి కూర్చుంది. క్యారేజీ ఒళ్ళో పెట్టుకుంది. చేతిమీది బట్ట పైకి తోసి చెయ్యి బల్ల మీద పడేసింది. అక్కర్లేని వస్తువు విసిరేసినట్టు పడేసింది.

నర్సు పట్టీ చుట్టింది. స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుంది. రబ్బరు ఉండ పిసికి గాలి ఎక్కించి, మరను వదులు చేసింది. గడియారం లాంటి ఆ బిళ్ళ మీద ముల్లు దిగుతోంది. రెండు వందల నాలుగు దగ్గర చెవిలో ఢబ్ మంది.

ఆమె ఇంకోసారి చూసింది. తర్వాత రెండో చెయ్యి చూసింది. అంకె మారలేదు.

"ఎంత?" అంది అత్తగారు.

"రెండు వందల నాలుగు. కింద నూట పద్దెనిమిది." నర్సు చెవుల్లోంచి స్టెతస్కోపు లాగేసింది. "అత్తయ్యా, మీరు మెట్లు దిగొద్దు. కదలకుండా పడుకోండి. ఆటో పిలుస్తాను, ముందు మనం..."

ఆడపడుచు నవ్వింది. నవ్వులో తడి లేదు. "చూశావా అమ్మా? నాన్న సంగతి బయటపడగానే నీకు రెండొందలు వచ్చేసింది. ఇప్పుడందరూ నీ చుట్టూ పరిగెత్తాలి, ఆవిడ గారు చేసింది మర్చిపోవాలి. భలే లెక్క!"

"వదినా, ఒట్టు వేసి చెప్తున్నాను."

"నీ ఒట్టు కూడా నీలం సిరానే."

"పోనీ నా మాట వద్దు. ఆరోగ్య కేంద్రానికి ఫోన్ చేస్తాను, డాక్టరు గారు వచ్చి చూస్తారు."

"ఆయనా? చస్తే ఈ గుమ్మం తొక్కనివ్వను!"

అత్తగారు పట్టీ విప్పుకోబోయింది. "నాకేం కాలేదు. తల కాస్త బరువుగా ఉంది, నాలుగు రోజులుగా నిద్ర లేక. నన్ను పోనివ్వండి."

"ఒక్క నిమిషం." నర్సు లేచి భర్త దగ్గరికి వెళ్ళింది. స్టెతస్కోపు అతని ముందు పట్టింది. "మీరు వినండి. ఇంజను చప్పుడు విని రోగం చెప్పే చెవులు మీవి. నేను గాలి కొడతాను. మొదటి చప్పుడు వినిపించినప్పుడు ముల్లు ఎక్కడుందో మీరే చెప్పండి."

అతను ఆమె ముఖం చూడకుండానే స్టెతస్కోపు అందుకున్నాడు. తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నర్సు స్టెతస్కోపు కొన అత్తగారి మోచేతి మడతలో ఆనించి, ముల్లున్న బిళ్ళ అతని అరచేతిలో పెట్టి ఉండ పిసికింది. తర్వాత మెల్లగా గాలి వదిలింది.

ముల్లు జారుతోంది. రెండు వందల నాలుగు దగ్గర చిన్నగా ఉలిక్కిపడింది. నర్సు చూసింది. సరిగ్గా అప్పుడే భర్త వేళ్ళు బిళ్ళ చుట్టూ బిగుసుకున్నాయి. ముల్లు నూట యాభై దాటింది, వంద దాటింది, సున్నాకి వచ్చింది. అతను ఇంకా వింటున్నట్టే కూర్చున్నాడు.

"ఎంతరా?" అంది తల్లి.

అతను ఆవిడ ముఖం వంక చూశాడు. నాలుగు రోజుల్లో ఆ ముఖం సగమైపోయింది. కింద పెదవి వణుకుతోంది. వణకడం లేదన్నట్టు ఆవిడ దాన్ని పంటితో పట్టుకుంది.

"నూట ఇరవై ఆరు," అన్నాడు. "బాగానే ఉందమ్మా."

"చెప్పానా!" అంది ఆడపడుచు.

అత్తగారు పట్టీ విప్పి బల్ల మీద పెట్టి లేచింది. గోడ మీద తన కార్డు తీసి కోడలి ముందుకు తోసింది. "వాడు చెప్పాడుగా. అది రాసెయ్. ఈ నెల గడి నిండిపోతుంది." క్యారేజీ తీసుకుని గుమ్మం వైపు నడిచింది.

"ఏమిటండీ ఇది?" నర్సు భర్త చెయ్యి పట్టుకుంది. "విన్నారు. నేను చూశాను మీరు వినడం."

అతను చెయ్యి విదిలించుకున్నాడు. ఆమెకి మాత్రమే వినపడేలా, పళ్ళ మధ్య నుంచి అన్నాడు. "అమ్మని భయపెట్టకు. నాన్న దగ్గరికి వెళ్ళొచ్చాక మెల్లిగా నేనే చూసుకుంటాను. ఇవాల్టికి ఈ ఇంట్లో గొడవలు చాలు."

ఈ మాట ఆమెకి కొత్త కాదు. రేపు చూద్దాం, ఇవాళ గొడవ వద్దు. పదకొండు నెలలు ప్రతి సాయంత్రం తనకి తాను చెప్పుకున్న మాట ఇది.

ఆమె పెన్ను తీసింది. పన్నెండో గడిలో 204/118 అని రాసి, పక్కన పదీ నలభై అని టైము వేసి, కింద సంతకం పెట్టింది. కార్డు తెచ్చి ఆడపడుచు చేతిలో పెట్టింది.

"ఇది నిజంగా చూసి రాసిన అంకె. చదవండి వదినా. మీ తమ్ముణ్ణి కూడా అడగండి."

సంచి కూడా తీసుకోకుండా బయటికి పరిగెత్తింది. అత్తగారు అప్పటికే నాలుగు మెట్లు దిగింది. కుడి చేత్తో క్యారేజీ, ఎడమ చేత్తో గోడ. ఇంకా ఇరవై నాలుగు మెట్లున్నాయి. నర్సు ఆవిడని దాటుకుని దిగి, ఒక మెట్టు కింద అడ్డంగా నిలబడింది.

"తప్పుకో."

"తప్పుకోను."

"ఇన్నాళ్ళూ ఎవరికీ అడ్డం రాలేదుగా! ఇవాళెందుకు వచ్చావు?"

"అప్పుడే రావాల్సింది అత్తయ్యా. మామయ్యగారు చొక్కా విసిరికొట్టిన రోజే అడ్డం నిలబడాల్సింది. భయపడ్డాను. ఇవాళ మీరు కొట్టినా కదలను."

అత్తగారు క్యారేజీ ఎత్తింది. నిజంగానే కొడుతుందేమో అనిపించింది. మళ్ళీ దించి గోడకి ఆనుకుంది. ఆవిడ నుదుటి మీద చెమట పట్టింది.

పైన గుమ్మంలోకి ఆడపడుచు వచ్చింది, చేతిలో కార్డు ఉంది. ఈసారి ఆవిడ గొంతులో టీచరు లేదు. "ఒరేయ్," అంది వెనక్కి తిరిగి. "దీనిలో రెండొందల నాలుగు అని ఉంది. నువ్వు నూట ఇరవై ఆరన్నావు. నాన్న కార్డులో మొదటి నెలా నూట ఇరవై ఆరే ఉంది. నువ్వు విన్నావా, లేక ఇందాక నేను చదివింది అప్పజెప్పావా?"

భర్త అక్క వెనక వచ్చి నిలబడ్డాడు. స్టెతస్కోపు ఇంకా అతని మెడలోనే వేలాడుతోంది.

"ఆయన్నే అడగండి అత్తయ్యా," అంది నర్సు. "నన్ను నమ్మొద్దు. ఎప్పటికీ నమ్మొద్దు. ఈ ఒక్కసారికి మీ అబ్బాయిని ఇంకోసారి అడగండి."

అత్తగారు కష్టం మీద తల పైకెత్తింది. మెట్ల మీద వెలుతురు తక్కువగా ఉంది. కొడుకు ముఖం ఆవిడకి సరిగ్గా కనిపించి ఉండదు.

"ఏరా నాన్నా," అంది. "ఎంత ఉంది?"

అతను భార్యని చూశాడు. నిజం బయటపడ్డ దగ్గర్నుంచి ఆమె కళ్ళలోకి చూడడం ఇదే మొదలు. ఆ చూపులో కోపం అలాగే ఉంది. ఆమె నిజం చెప్పిందంటే కోపాన్ని సగం వదులుకోవాలి, అబద్ధమంటే తల్లిని మెట్లు దిగనివ్వాలి.

"అమ్మా," అన్నాడు. ఆ పైన మాట రాలేదు.

క్యారేజీ అత్తగారి చేతిలోంచి జారింది. మెట్టు మెట్టుకీ మోగుతూ కిందికి దొర్లిపోయింది. దాన్ని పట్టుకోవడానికి ఆవిడ కుడి చెయ్యి కదలలేదు.